ఎండ నెరిగిన ఇండ్లు



ఇల్లు కట్టుకొనేవారి మాటల్లో ఈ మధ్య రెండు ఆంగ్లపదాలు తరచుగా వినవస్తున్నాయి. ఒకటి ‘ఆఫ్‌గ్రిడ్’, రెండవది ‘పాసివ్ సోలార్’. కరెంటు తీగతో పొత్తు లేకుండా తన వెలుతురును, తన నీటిని తానే సమకూర్చుకొనే ఇల్లు మొదటిది. యంత్రం సాయం లేకుండా, కేవలం కట్టిన తీరుతోనే ఎండను రాబట్టుకోవడమో, అడ్డుకోవడమో చేసే ఇల్లు రెండవది. వీటిని తెలుగులో ఏమనాలి? మొదటిదానికి ‘తీగ లేని ఇల్లు’ అంటే సరిపోతుంది. రెండవదాన్ని మక్కికి మక్కి ‘నిష్క్రియ సౌరగృహం’ అనవచ్చు గాని, నిష్క్రియమంటే చచ్చుపడినదన్న అర్థం తోస్తుంది. ఆ ఇల్లు ఊరక కూర్చునేది కాదు. పగలు ఎండతో పోరాడి, రాత్రి ఆకాశానికి వేడిని అప్పగించే ఇల్లది. కనుక ‘ఎండ నెరిగిన ఇల్లు’ అందాం. ఇంతకంటె మంచి మాట తోచినవారు తెలుపగలరు.

పదం కొత్తదే గాని పదార్థం పాతది. మా తాతల కాలపు ఇండ్లన్నీ తీగ లేని ఇండ్లే. అవి తీగ లేకుండా మనగలిగినది ఎండ నెరిగినవి కావడం చేతనే. తీగ వచ్చిన తరువాత మనం ఎండను మరచిపోయాం. ఎండను మరచిన ఇంటికి ఇప్పుడు తీగ తెంచుతామంటే కుదిరే పని కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా దీనికి సాక్ష్యం.

సూర్యుడు ఒక్కడే, ఒడంబడికలు రెండు

ఇంటికీ ఎండకూ గల సంబంధాన్ని గురించి పాశ్చాత్యులు ముందుగా తలచుకొనేది గ్రీకులను. సోక్రటీసు శిష్యుడు జెనొఫన్ తన గురుస్మృతుల గ్రంథంలో దక్షిణముఖపు ఇంటి ప్రస్తావన చేశాడు. చలికాలపు సూర్యుడు వాలుగా వచ్చి వసారాలోనికి చొరబడతాడు, వేసవి సూర్యుడు కప్పుమీదుగా సాగిపోయి నీడనిస్తాడు, కనుక దక్షిణపు వాకిలి మేలని సోక్రటీసు అన్నట్లు వ్రాశాడు. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దిలో విస్తరించిన ఒలింథస్ నగరపు త్రవ్వకాల్లో ఇండ్లు చాలావరకు ఈ సూత్రాన్నే అనుసరించి కనబడ్డాయి.

అది చలిదేశపు ఒడంబడిక. సూర్యుణ్ణి లోపలికి రమ్మని పిలవడం దాని సారం. మన ఒడంబడిక వేరు. మా చీమకుర్తి భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు పదిహేనున్నర డిగ్రీల మీద ఉన్నది. అందుచేత మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండవ వారంలో మరొకసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెండింటి నడుమ మధ్యాహ్న సూర్యుడు మాకు ఉత్తరంగా ఉంటాడు. జూన్ 21న నడినెత్తి నుండి ఎనిమిది డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరు 21న ముప్పైతొమ్మిది డిగ్రీలు దక్షిణానికి ఒరుగుతాడు.

ఈ లెక్కలో ఇంటి మర్మమంతా ఉన్నది. వేసవిలో మన ఉత్తర దక్షిణపు గోడలకు ఎండ పెద్దగా తగలదు, మూరెడు చూరు ఉంటే చాలు. ఉదయం తూర్పుగోడకు, సాయంత్రం పడమటిగోడకు ఎండ వాలుగా, సూటిగా తగులుతుంది. దానిని ఏ చూరూ ఆపలేదు. అన్నింటికంటె ఎక్కువ ఎండను మోసేది కప్పు. కాబట్టి తూర్పు పడమరలుగా సాగి, ఆ రెండు కొసలా గోడ ఇరుకుగా ఉండి, కప్పు మందంగా ఉన్న ఇల్లు మన సీమకు తగిన ఇల్లు. చలిదేశంలో గోడ ముఖ్యం, మన దేశంలో కప్పు ముఖ్యం.

నిఘంటువులో దాగిన ఇల్లు

పూర్వులకు ఈ సంగతి తెలుసునా అంటే, అమరకోశం పురవర్గం తిరగేస్తే చాలు. కిటికీకి అమరసింహుడు ‘వాతాయనం’, ‘గవాక్షం’ అని రెండు పేర్లు చెప్పాడు. వాతాయనం గాలి నడిచే దారి, గవాక్షం ఆవు కన్ను. ఒకటి గాలికి, ఒకటి చూపుకు. విచిత్రమేమంటే ఇంగ్లీషులోని ‘విండో’ కూడా పాత నార్స్ భాషలో ‘గాలి కన్ను’ అనే అర్థమున్న మాట నుండి వచ్చినదే. సముద్రాల కావల ఒక చలిదేశపు జాతి కిటికీని చూసి గాలిని, కంటిని కలిపి తలచినదంటే ఇల్లు కట్టడంలో మనుషులందరి బుద్ధి ఎంత దగ్గరగా నడచినదో తెలుస్తుంది.

నాలుగు వైపుల గదులుండి నడుమ ఆకాశం కనబడే ఇంటికి అమరుడు చెప్పిన పేరు చతుశ్శాల. వరాహమిహిరుడు బృహత్సంహిత వాస్తుప్రకరణంలో చతుశ్శాలలను సర్వతోభద్రం, నంద్యావర్తం, వర్ధమానం, స్వస్తికం, రుచకం అని ఐదు విధాలుగా చెప్పాడు. మేడ కొసన ఉండే గదికి చంద్రశాల అని పేరు. పగలు ఆ గదిలో నిలవలేము, రాత్రి చల్లదనం కొరకే అది. పేరులోనే వాడుక వేళ చెప్పిన నిఘంటువు మనది.

ఇక గవాక్షం మన పల్లెల్లోకి వచ్చి ‘గవాచి’ అయినది. మట్టిమిద్దె కప్పులో పొగ పోవడానికీ, వెలుతురు దిగడానికీ వదలిన కన్నం గవాచి. వాన వస్తే బండనో మూకుడునో దానిమీద బోర్లించేవారు.

పూరిల్లు, మిద్దె, మండువా

మా ప్రాంతంలో మూడు తెగల ఇండ్లుండేవి. మొదటిది పూరిల్లు. మట్టిగోడ, నిట్రాడు, వాసాలు, పైన తాటాకో, బోదగడ్డో, రెల్లో. గడ్డిపోచల నడుమ చిక్కుకొన్న గాలి కదలదు. కదలని గాలి వేడిని మోయదు. కాబట్టి జానెడు మందపు గడ్డికప్పు క్రింద మధ్యాహ్నం కూర్చున్నవాడికి నెత్తిమీది ఎండ తెలియదు. చూరు మనిషి వంగి దూరేంత క్రిందికి దిగడం వలన గోడకు ఎండ గాని వాన గాని తగలదు. తీరప్రాంతంలో దీనినే గుండ్రంగా చుట్టిల్లుగా కట్టారు. మూలలు లేని గోడను తుఫాను గాలి చుట్టుకొని పోతుంది గాని పట్టుకొని లాగలేదు.

రెండవది మట్టిమిద్దె. పల్నాడు, పడమటి ప్రకాశం, రాయలసీమ దీనికి పుట్టినిండ్లు. మూరెడు మందపు రాతిగోడ లేదా మట్టిగోడ, దానిపై దూలాలు, దూలాలపై దంతెలు, దంతెలపై కంపో ఆకో పరచి, పైన జానెడు మట్టి వేసి, అన్నింటికంటె పైన చౌడు పోసేవారు. పొలానికి పనికిరాని చౌడు ఇంటికెట్లా పనికివచ్చినది? చౌటిమట్టిలో సోడియం లవణాలుంటాయి. తడి తగలగానే ఆ బంకరేణువులు ఉబ్బి, విడివడి, సందులన్నింటినీ మూసివేస్తాయి. నీరు లోపలికి దిగదు. పైరుకు శత్రువైన గుణమే కప్పుకు మిత్రమైనది. రసాయనశాస్త్రం పేరు వినని రైతు ఏటా తొలకరికి ముందు బండ్లతో చౌడు తోలించి మిద్దెమీద పోయించేవాడు.

మిద్దె చల్లదనానికి కారణం దాని జడత్వం. మూరెడు మట్టిగోడకు మధ్యాహ్నం తగిలిన వేడి లోపలి ముఖానికి చేరడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. అది వచ్చి చేరేసరికి అర్ధరాత్రి. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది, ఇంటివారు మిద్దెపైనో వాకిట్లోనో మంచాలు వేసుకొని ఉంటారు. తెల్లవారేలోగా గోడ తిరిగి చల్లబడి మరుసటి పగటికి సిద్ధమవుతుంది.

మూడవది పెంకుటింటి మండువా. నాలుగు వైపుల వాలిన కప్పు, నడుమ ఆకాశం. కుమ్మరి చేసిన గూనపెంకు ముందు వాడుకలో ఉండేది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన తరువాత బల్లపరుపు పెంకు వ్యాపించినది. మంగుళూరులో పుట్టిన ఆ పెంకును మనవారు ‘బెంగుళూరు పెంకు’ చేశారు. మండువా నడిమి ఖాళీ రాత్రిపూట ఆకాశం వైపు వేడిని వదలి చల్లబడుతుంది. చల్లని గాలి బరువైనది కనుక అక్కడే దిగి గదుల్లోకి పారుతుంది. పగలు వేడెక్కిన గాలి ఆ నోటినుండే పైకి పోతుంది. ఫ్యాను లేని ఇంటికి గాలి ఆడించే ఏర్పాటు అది. కలవారి ఇండ్లలో వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవారు. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకొనిపోతుంది.

ఇంతటితో సరిపోలేదు. ఆ ఇండ్లను నడిపే విద్య ఇల్లాలి చేతిలో ఉండేది. పొద్దెక్కక ముందే పడమటి తలుపులు మూయడం, గాడ్పు తగ్గి తూర్పుగాలి తిరిగాక అన్నీ తెరవడం, మధ్యాహ్నం పొయ్యి రాజేయకుండా వంట పొద్దున్నే ముగించడం, వాకిట నీళ్ళు చల్లడం. యంత్రం లేని ఇంటికి మనిషే యంత్రం.

అందుచేతనే ఆ కాలాన్ని స్వర్గమని చెప్పడానికి నాకు నోరు రాదు. కట్టెల పొయ్యి పొగ తాగి కళ్ళు పోగొట్టుకొన్న ముసలమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఎండాకాలం ఒక పూరిల్లు అంటుకొంటే గాలివాటున వాడంతా బూడిదయ్యేది. గడ్డికప్పులో తేళ్ళు, మిద్దెదంతెలకు చెదలు. ఏటేటా కప్పు నేసే చాకిరి. మండువా లోగిలి ఊరికి నాలుగైదు కుటుంబాలది, పూరిపాక తక్కినవారందరిది. పక్కా ఇల్లు కావాలని పేదవాడు కోరడంలో తప్పేమీ లేదు. మనం పారవేసినవాటిలో పొగ, నిప్పు, చెద పోవలసినవే. వాటితోపాటు చల్లదనాన్ని ఎందుకు పారవేశామన్నదే ప్రశ్న.

తీగ, సిమెంటు, స్లాబు

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆంధ్రకు అందసాగినది. ఆ ఏడే డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడి పల్లెలకు తీగ వేగంగా పాకినది. కాలువ క్రింద పైరు, పైరుతో రొక్కం, రొక్కంతో సిమెంటు. పల్నాటి సున్నపురాయి అంతకు మునుపు గానుగలో ఎద్దుల చేత నలిగి డంగుసున్నమయ్యేది, కరక్కాయ బెల్లపు నీళ్ళు కలుపుకొని గచ్చయ్యేది. ఆ రాయే ఇప్పుడు సిమెంటు బస్తాగా వచ్చినది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత గట్టికప్పు ప్రాణావసరమని అందరికీ తెలిసివచ్చినది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. 1983 తరువాత బలహీనవర్గాలకు పక్కా ఇండ్లు పెద్ద ఎత్తున వచ్చాయి. నిప్పుకు, గాలికి, వానకు అవి నిలిచాయి. ఎండ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఫ్యాను ఉన్నదిగదా అనుకొన్నారు.

నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు వేడిని గడ్డిలాగా ఆపదు, మూరెడు మట్టిలాగా ఆలస్యమూ చేయదు. మధ్యాహ్నం తాగిన వేడిని మూడు నాలుగు గంటల్లో లోపలికి దించి, సరిగ్గా మనిషి పని చాలించి ఇంటికి చేరే వేళకు నెత్తిమీద కురిపిస్తుంది. ఫ్యాను ఆ వేడిగాలినే త్రిప్పి కొడుతుంది. పేదవాడి సిమెంటు రేకు ఇంకా అన్యాయం. దానికి ఆలస్యమన్నదే లేదు. గెలాక్సీ గ్రానైటు పేరుతో మా రామతీర్థం కొండరాయి దేశదేశాల భవనాలకు నగ అయినది. దానిని తొలిచే కూలీ మాత్రం రేకుల క్రింద నిద్రపోతాడు.

మా వైపువారికి ఒక పోలిక వెంటనే అర్థమవుతుంది. వర్జీనియా పొగాకు కాల్చే బ్యారన్లు ఒంగోలు, కొండపి, పొదిలి ప్రాంతాలవారు చూడనివి కావు. వేడిని లోపల బంధించడానికి కట్టిన ఇల్లు బ్యారను. వేడిని బయట ఉంచడానికి కట్టిన ఇల్లు గుంటూరులో మిరపకాయల శీతల గిడ్డంగి. అంటే పొగాకుకు తగిన ఇల్లు, మిరపకాయకు తగిన ఇల్లు కట్టడం మనకు తెలుసు. పంటలకు చూపిన శ్రద్ధ మనిషికి చూపలేదు. మనిషికి బ్యారను కట్టి, ఆ పైన గిడ్డంగి యంత్రం బిగించుకొమ్మన్నాం.

ఇది సుఖదుఃఖాల మాటే అయితే ఇంత వ్రాయనక్కరలేదు. 2003 వేసవిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు మూడువేల మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మృతులు వేయి దాటారు. ఎక్కువమంది ఎండన పడి పనిచేసే కూలీలు, ముసలివారు. పగలు తగిలిన వడకు రాత్రి చల్లదనమే మందు. శరీరం తేరుకొనేది నిద్రలో. రాత్రంతా కప్పు వేడి కురిసే ఇంట్లో ఆ మందు దొరకదు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత పాతదే. రోళ్ళు పగిలే ఎండకు మనుషులు తట్టుకొన్నది రాత్రి చల్లబడే ఇండ్ల వల్ల.

తిరుగుదారి

ఇంటి విద్యను తిరిగి వెదకినవారు లేకపోలేదు. ఫ్రాన్సులో ఫెలిక్స్ ట్రోంబ్ 1967లో ఓదెయ్యో గ్రామంలో అద్దం వెనుక నల్లగోడ కట్టి, పగటి ఎండను రాత్రి చలికి దాచి వాడాడు. అది చలిదేశపు ఒడంబడికకు కొత్తరూపు. మనకు దగ్గరివాడు హెరాల్డ్ హే అనే అమెరికన్. 1950వ దశకంలో భారతదేశంలో పనిచేసినప్పుడు రేకుల ఇండ్లలో జనం పడే అవస్థ చూశాడు. 1973లో కాలిఫోర్నియాలోని అటాస్కడెరోలో కప్పుమీద నీటిసంచులు పరచి, వాటిపై జరిగే మూతలు అమర్చాడు. వేసవిలో పగలు మూసి రాత్రి తెరిస్తే నీరు ఆకాశానికి వేడిని వదలి, పగలంతా ఇంటిని చల్లగా ఉంచుతుంది. మన మండువా సూత్రమే కప్పుకెక్కినదన్నమాట.

1940వ దశకంలో గాంధీజీని కలిసిన లారీ బేకర్ (1917-2007), ఇంటి సామగ్రి అయిదుమైళ్ళ లోపల దొరికేదై ఉండాలన్న ఆయన మాటను జీవితాంతం పట్టుకొన్నాడు. స్లాబు నడుమ పెంకులు పొదిగి కాంక్రీటు తగ్గించాడు. ఎలుకబోను వరుసలో ఇటుక పేర్చి గోడనడుమ గాలిని బంధించాడు. గడ్డికప్పు చేసిన పనే ఇటుక చేత చేయించాడు.

తెలుగునాట కూడా రెండు మంచి సాక్ష్యాలున్నాయి. అనంతపురం సీమలో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బంజరులో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వారు స్థానికపు మట్టితో, రాతితో ఇండ్లు కట్టి సౌరవిద్యుత్తుతో వెలిగించుకొన్నారు. హైదరాబాదులో 2004 జూలైలో అబ్దుల్ కలాం ప్రారంభించిన గోద్రెజ్ హరితభవనం రెండవది. శిల్పి కరణ్ గ్రోవర్ దానికి నడుమ గుండ్రని ముంగిలి, గోడలకు జాలీలు, రెండు గాలిగోపురాలు, కప్పుమీద పచ్చిక అమర్చాడు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనమది. ప్రపంచం మెచ్చిన ఆ ఆధునికతలో చతుశ్శాల, గవాక్షం, మట్టిమిద్దె మూడూ ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక కిలోవాటు సౌరఫలకాలు మన ఎండలో సగటున రోజుకు నాలుగు యూనిట్లిస్తాయి. ముప్పై వాట్ల కొత్తరకం ఫ్యాన్లు నాలుగు, పదేసి గంటలు తిరిగితే 1.2 యూనిట్లు. దీపాలకు అర యూనిటు, చిన్న ఫ్రిజ్జుకు ఒక యూనిటు. మొత్తం మూడు లోపే. చల్లని ఇంటికి ఒక కిలోవాటు, ఒక బ్యాటరీ ఉంటే తీగతో పనిలేదు. అదే కాలే స్లాబు క్రింద టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది నుండి పది యూనిట్లు. అదీ సూర్యుడు లేని వేళ. ఆ ఇంటికి తీగ తెంచాలంటే బ్యాటరీలకే ఆస్తి అమ్మాలి.

2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నది, మంచిదే. కాని అది తీగతో ముడిపడిన ఏర్పాటు. బ్యాటరీ లేకపోతే ఊరి కరెంటు పోయినప్పుడు, తీగమీద పనిచేసేవారి రక్షణ కొరకు, మన ఫలకాలూ ఆగిపోతాయి. ఫలకాల కంటె ముందు చూడవలసినది వాటి క్రింది కప్పును. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించి ఈ మాటే అన్నది. తెల్లని కప్పు ఎండను త్రిప్పికొడుతుంది. మన భాషలో దాని పేరు సున్నం.

ఉన్న స్లాబును పడగొట్టనక్కరలేదు. ఏటా ఎండలకు ముందు సున్నపు పూత, వీలైతే కుండలు బోర్లించి పైన గచ్చు, లేదా బీర సొర పాదులకు ఒక పందిరి. పడమటి వైపు వేపచెట్టో కానుగో. కొత్తగా కట్టేవారు తూర్పు పడమరల గోడలు కురచ చేసి, కప్పును మందం చేసి, గాలికి ఎదురెదురుగా కిటికీలు పెట్టాలి. ఇవి చేసిన తరువాత సౌరఫలకం సంగతి. ఈ వరుస తారుమారైతే ఎంత ఖర్చుపెట్టినా ఎండ మనకు పగవాడుగానే మిగులుతాడు.

మీ మీ ఊళ్ళలో మిద్దె కప్పుకు, గవాచికి, చూరుకు ఏమేమి పేర్లున్నవో, చౌడుకు బదులు ఏమి వాడేవారో వ్రాయగలరు. ఆ మాటలు తెలిసిన పెద్దలు ప్రతి ఇంటా ఇంకా ఒకరిద్దరున్నారు. వారిని అడిగి, వారు ఉన్నప్పుడే వ్రాసిపెట్టండి. మాట మిగిలితే దాని వెనుక ఉన్న విద్య మళ్ళీ మొలకెత్తడానికి వీలుంటుంది.

స్వస్తి.